పురుగుల ఇంట్లోకి వచ్చిన వాసన

శిడ్లఘట్ట నుంచి చింతామణి వెళ్ళే దారిలో మా ఊరు. అవ్వ నన్నూ పెంచింది, పట్టుపురుగులనూ పెంచింది. ఎవరిని ఎక్కువ జాగ్రత్తగా చూసుకుందని అడిగితే మాత్రం చెప్పలేను. పురుగుల ఇంట్లోకి పూలు పెట్టుకుని పోకూడదు. వాసన సబ్బుతో స్నానం చేసి పోకూడదు. ఘాటు తగిలితే పురుగులు ఆకు ముట్టవు.

అందుకే, మా తోట పక్కనున్న ఫైబర్ తలుపుల షెడ్డులో పనికి చేరినప్పటి నుంచి ఆ గడప నాకు దూరమైంది. షెడ్డులో తలుపుల అచ్చుల మీద రెసిన్ అనే ఘాటు జిగురును గన్నుతో చల్లుతారు. సన్నటి తుంపర గాలిలోనే నిలిచిపోతుంది. తల ఎంత రుద్దుకున్నా ఆ వాసన జుట్టును వదలదు.

"ఆడనే నిలబడు మే. నువ్వొస్తే పురుగులు పస్తు పండుకుంటాయి," అనేది అవ్వ లోపలి నుంచి.

నేను బయట అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. అవ్వకు చూపు తగ్గుతోంది. జబ్బు పురుగులను ఏరేయడానికి నా కళ్ళు కావాలి. ఆమె అడగదు.

ఈ ఏడాది ఎండలు ముదరక ముందే షెడ్డుకు కొత్త సూపర్‌వైజర్ వచ్చారు. గన్ను చల్లే చోట గది కట్టించి, పెద్ద ఫ్యాను పెట్టించి, ఆ గాలిని గొట్టం గుండా బయటికి పంపించారు. మా కళ్ళ మంటలు తగ్గాయి. ఒక సాయంత్రం అవ్వ నా తల దగ్గరికి లాక్కుని వాసన చూసింది.

"రా లోపలికి," అంది.

పురుగులు అప్పుడే నాలుగో జ్వరం దాటాయి. జ్వరమంటే మా వైపు, పురుగు ఆకు మానేసి పొర విడిచే నిద్ర. ఇక మిగిలింది గూడు కట్టే ముందటి ఆఖరి మేత. ఒక పురుగును అరచేతిలో పెట్టుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది.

గొట్టం మూతి మా తోట వైపు, పురుగుల ఇంటి వైపు ఉందని ఎవరికీ తట్టలేదు. గాలి తిరిగిన ఉదయం పురుగులు తలలెత్తి, ఆకు మానేశాయి.

షెడ్డులో నేను ఎవరితోనూ మాట్లాడను. ఆ రోజు మాత్రం పరుగున వెళ్ళి సూపర్‌వైజర్‌కు చెప్పాను.

"ఏమ్మా, నీకు నోరుండాదా? ఇన్నాళ్ళూ మూగదానివనుకున్న్యానే," అని నవ్వారు. తర్వాత నవ్వాపి, వచ్చి గొట్టం చూశారు. అప్పటికప్పుడు గన్ను ఒత్తిడి తగ్గించి, తుంపర అచ్చు అంచు దాటకుండా చల్లించారు. గొట్టానికి బొగ్గు ఫిల్టర్ కావాలని బెంగళూరుకు ఫోన్ చేశారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పురుగుల ఇంటి కిటికీలన్నిటికీ తడి గోనెలు వేలాడుతున్నాయి. ఎండాకాలం చల్లదనానికి ఒక పక్క కట్టడం మామూలే. వాసన రాకుండా అవ్వ నాలుగు పక్కలా కట్టేసింది.

"గాలాడదు కదవ్వా."

"వాసన కన్నా ఉక్క మేలు. మీ సారు పని ముగించేదాకా ఉండనీ."

మర్నాడు కూడా తీయనివ్వలేదు. ఆఖరి మేతలో ఆకెంత ముఖ్యమో గాలీ అంతేనని నాకు నేర్పింది ఆమే.

పురుగులు మళ్ళీ ఆకు తిన్నాయి. ఆ తర్వాత ఆ ఉక్కకు మెత్తబడి, నల్లబడి చచ్చిపోయాయి. గూళ్ళు కట్టించడానికి కడిగి ఆరబెట్టిన వెదురు చంద్రికలు ఖాళీగానే గోడకు ఆనుకుని ఉన్నాయి. ఇద్దరం గుంట తవ్వి, సున్నం చల్లి పూడ్చాం. అవ్వ ఏడవలేదు. కొంగుతో ముక్కు మూసుకుని, "ఈ వాసన మనదే మే," అంది.

ఫిల్టర్ వచ్చింది. ఇప్పుడు మా తోటలో మల్బరీ ఆకు వాసన తప్ప ఇంకేమీ లేదు. పిల్లపురుగులు అమ్మే ఆయన ఫోన్ చేస్తే, "వద్దప్పా, కండ్లు కనపడవు," అంటుంది అవ్వ. నా కళ్ళున్నాయి కదా అన్నాను.

"నీకు పనుండాది, పో," అంది.

మొన్న సూపర్‌వైజర్ నా దగ్గర ఆగారు. "ఏమ్మా, మీ అవ్వ పురుగులకు ఇంకా వాసన తగులుతాండాదా?"

"లేదు సార్," అన్నాను.

ఆయన తృప్తిగా తలూపి, ఫ్యాను వేయమన్నారు.