కంచెకు కట్టిన ఎర్రదారం

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, పక్కింటి కంచెను నేనే చంపేశానని పదకొండు రోజులు నమ్మాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ పదకొండు రోజులూ నాకు అన్నం సహించలేదు.

అది కరోనా వచ్చిన మొదటి వసంతం. మేము ఐర్లాండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో ఉండేవాళ్ళం. మా అమ్మ అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. మమ్మల్ని చూసి వెళదామని మూడు నెలలకు వచ్చిన అమ్మమ్మ, విమానాలు ఆగిపోవడంతో మాతోనే ఉండిపోయింది. నాన్న పై గదిలో తలుపు వేసుకుని ఆఫీసు పని చేసుకునేవారు. నాకు బడి లేదు. మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య, బీచ్ అనే చెట్లను వరసగా నాటి నడుమెత్తున కత్తిరించి పెంచిన కంచె ఉండేది. దానికి ఆవల ఒక ఐరిష్ మామ్మ ఒంటరిగా ఉండేది. ఆ కంచె, చనిపోయిన వాళ్ళాయన నాటినదట. డెబ్భై దాటినవాళ్ళు ఇల్లు కదలకూడదన్న రోజులవి. ఆమెకు మనిషి మొహం కనబడేది ఆ కంచె మీదుగానే.

ఇంట్లో నాకొక పని అప్పజెప్పారు. పెరటి తలుపు దగ్గర రెండు బకెట్లుండేవి. ఒకదానిలో అమ్మమ్మ బియ్యం కడిగిన నీళ్ళు. వాటిని కంచె మొదట్లో పోయాలి. రెండోదానిలో, అమ్మ ఆసుపత్రి నుంచి రాగానే బూట్లూ సంచీ తుడిచిన బ్లీచ్ నీళ్ళు. వాటిని పెరటి ఆ చివరనున్న తూములో పారబోయాలి. అంత దూరం బకెట్ మోయడానికి నాకు బద్ధకం. ఎవరు చూడొచ్చారులే అని రెండూ కంచె మొదట్లోనే కుమ్మరించేదాన్ని. అలా ఒక వారం సాగింది.

ఏప్రిల్ చివరికి వీధిలో ప్రతి చెట్టూ పచ్చబడింది. మా కంచె మాత్రం చలికాలమంతా పట్టుకు వేలాడిన ఎండుటాకులతో అలాగే ఉంది. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఒక పొద్దున లేచి చూసేసరికి ఆ ఆకులు కుప్పలు కుప్పలుగా రాలిపోతున్నాయి. ఆ ముసలావిడకు వాళ్ళాయన గుర్తుగా మిగిలినదాన్ని చేజేతులా కాల్చేశాననుకున్నాను. ఆ బకెట్ అమ్మది కాబట్టి గార్డులు వచ్చి అమ్మను పట్టుకుపోతారని కూడా భయపడ్డాను. అక్కడ పోలీసులను గార్డులనే అంటారు.

మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మమ్మ కనిపెట్టేసింది. "ఏమే, ముద్ద దిగట్లేదేం? ఏం వెలగబెట్టొచ్చావ్?" అంది. "నథింగ్, అమ్మమ్మా" అని తప్పించుకుని, ధైర్యం కూడదీసుకుని కంచె దగ్గరికి వెళ్ళాను. మామ్మ ఆవల కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నోరు తెరిచానో లేదో ఏడుపు ముంచుకొచ్చింది.

ఆమె దగ్గరికి రాలేదు. రాకూడదు కూడా. "ఏడవకమ్మా, అంతా గ్రాండ్, ఏం ఫరవాలేదు" అని, ఇంకా రాలని ఒక ఆకును మెల్లగా లాగి చూడమంది. లాగాను. కాడ మొదట్లో సన్నగా, మొనదేలిన రాగిరంగు మొగ్గ కనిపించింది. దాని పక్కన ఒక దారం కట్టమంది. "నా కళ్ళకు అంత చిన్నవి ఆనవు. రోజూ పొద్దున్నే వచ్చి అదెలా ఉందో చెప్పు. నువ్వు చెప్పాలనుకున్నది మాత్రం అది విచ్చుకున్న రోజు చెబుదువుగాని" అంది. అమ్మమ్మ కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తెచ్చి కట్టాను.

రోజూ వెళ్ళాను. కాస్త ఉబ్బిందనో, నిన్నటిలాగే ఉందనో చెప్పేదాన్ని. ఆమె తన చిన్నతనంలో తిరిగిన అడవి కబుర్లు చెప్పేది. బీచ్ చెట్లు ఆలస్యంగా చిగురిస్తాయట. ఆ ఆలస్యం వల్లే వాటి కింద నీలిపూలకు నాలుగు రోజులు ఎండ దొరుకుతుందట. ఆకులు కమ్ముకున్నాక అక్కడ ఒకటే చీకటట. నేను ఊఁ కొట్టేదాన్నే కానీ, నా కళ్ళు రాలిన ఆకుల మీదే ఉండేవి.

పదకొండో రోజున మొగ్గ విచ్చుకుంది. పట్టుచీర కుచ్చిళ్ళలా మడతలు మడతలుగా, అంచున తెల్లటి నూగుతో లేతాకు బయటికి వచ్చింది. అటూ ఇటూ చూద్దును కదా, కంచె పొడుగునా అలాంటివే. హమ్మయ్య అనుకుంటూ అక్కడే గడ్డిలో కూలబడ్డాను. ఆ తర్వాత బకెట్ సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

మామ్మ పకపకా నవ్వింది. మొదటి రోజే ఆమెకు వాసన తగిలిందట. నేను పోసి వెళ్ళిన ప్రతిసారీ పైపు తిప్పి, మొదళ్ళన్నీ మంచినీళ్ళతో కడిగేసేదట. కొత్త మొగ్గ ఉబ్బి తోస్తేనే ఆ ఎండుటాకు రాలుతుందని కూడా అప్పుడే చెప్పింది. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని ఉక్రోషంగా అడిగాను.

ఆమె నవ్వు ఆగింది. "చెప్పేస్తే మర్నాడు నువ్వు రావుగా" అంది.

అరవై ఏళ్ళకు పైగా గడిచి, ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. నా పెరట్లోనూ ఒక బీచ్ కంచె ఉంది. మనవలు ఏదో పాడుచేసి, మొహం దాచుకుని నా ముందు నిలబడినప్పుడు వెంటనే నిలదీయను. ముందు ఆ మామ్మలాగే వెళ్ళి పైపు తిప్పుతాను. తర్వాత చేతికో దారం ముక్క ఇచ్చి, రేపు పొద్దున్నే రమ్మంటాను.