పన్నెండేళ్ల నాటి ఆది జాకెట్టు

కరోనా తగ్గిన మరుసటి ఏడు. కొండ మీది మా డుంబ్రిగుడ సంతలో నా కుట్టు మిషను పక్కన అల్లం బుట్టలు, ఎదురుగా ఎండుచేపల కొట్టు. లెక్కలకు భయపడి ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ని, ఇరవై ఏళ్లుగా మెడలో టేపు వేసుకుని లెక్కలతోనే బతుకుతున్నాను. మా మాస్టారు చూస్తే నవ్వి చస్తారు.

ఆ రోజు దానియేలు వచ్చాడు. పన్నెండేళ్ల క్రితం అతనికీ ఎస్తేరుకీ పెళ్లి కుదిరింది. వాళ్ల చర్చిలో మూడు ఆదివారాలు ఇద్దరి పేర్లూ చదువుతారు, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతేనే పెళ్లి. రెండో ఆదివారం ఇతను జీలుగు కల్లు తాగి వచ్చాడు, మానేశానని ఒట్టు పెట్టాక. ఆమె అందరి ముందూ చెప్పు తీసి కొట్టింది. అతను విశాఖ పారిపోయి సెంట్రింగ్ పనిలో చేరాడు. ఆ తర్వాత ఇద్దరూ పెళ్లి మాటే ఎత్తలేదు.

సంచీలోంచి ఎర్ర జాకెట్టు తీశాడు. నేను కుట్టిందే. పెళ్లికని అతనే తీసుకెళ్లి, ఆమెకు ఇవ్వకుండానే పోయాడు.

"బావా, ఈ ఆదికే కొత్తది కుట్టు. ఆమె తొడుక్కుంటే పాస్టరు గారితో మళ్లీ మాటాడతాను. ఇసిరి కొట్టిందంటే ఇంక ఈ కొండెక్కను."

ఆది అంటే కొలత కోసం ఇచ్చే పాత బట్ట.

"పన్నెండేళ్లయిందిరా. మనిషి అలాగే ఉంటాదేటి?"

"నా కళ్లకి అలాగే ఉంటాది."

"నీ కళ్లకా నేను జాకెట్టు కుట్టేది?"

వినలేదు. ఎస్తేరు ఇప్పటి కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి. కానీ ఒక ఆడమనిషి కొలత ఇంకొకరి దగ్గర ఎత్తకూడదన్నది మా పనిలో కట్టుబాటు. నోరు మూసుకుని ఆది ప్రకారమే కుట్టాను. మార్జిన్ మాత్రం, అంటే కుట్టు లోపల మడిచి ఉంచే గుడ్డ, రెండు వేళ్లు ఎక్కువ వదిలాను. ఏమవుతుందోనని ఆ వారమంతా అతనికంటే నాకే ఎక్కువ ఆత్రం.

తర్వాతి సంతకు ఎస్తేరు వచ్చి, దానియేలు ఇచ్చిన జాకెట్టు మిషను మీద పడేసింది.

"ఏటన్నా ఇది? మోచెయ్యి దాటి ఎక్కలేదు. ఎవరి కొలత?"

"నీదే. కాకపోతే అప్పటిది." పాత ఎర్ర జాకెట్టు తీసి ముందు పెట్టాను.

తిప్పి తిప్పి చూసింది. "ఇన్నేళ్లూ దాసినాడా?"

"దాసినాడు."

"గుడ్డని దాసినోడు, మనిషెలాగుందో ఒకపాలి వచ్చి సూడలేడేటి?"

"సెప్పు దెబ్బ గుర్తుండిపోనాదేమో."

పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, "అంతమందిలో కొట్టకుండా ఉండాల్సింది" అంది.

కొత్తదాని మార్జిన్ విప్పి వదులు చేసిచ్చాను. ఎండుచేపల కొట్టు వెనక్కి వెళ్లి తొడుక్కొచ్చింది. సరిపోయింది. అలాగే బజారులోకి పోయి గళ్ల చొక్కా గుడ్డ ఒకటి తెచ్చింది.

"ఇది ఆయనకి."

"ఆది ఏదీ?"

"ఆదీ గీదీ లేదు. మనిషినే అట్టుకొత్తాను, కొలుసుకో."

అన్నట్టే లాక్కొచ్చింది. నేను పొట్ట కొలత పైకి చదవబోతుంటే, "బావా, మెల్లగా సెప్పు" అని దానియేలు బతిమాలాడు.

చర్చిలో పేర్లు మళ్లీ మొదటి ఆదివారం నుంచీ చదివారు. మూడో ఆదివారం నేనూ వెళ్లాను, ఎస్తేరు చెప్పులు గుమ్మం బయటే విడిచిందో లేదో చూడ్డానికి. విడిచింది.

అప్పటినుంచి ఎవరు ఆది తెచ్చినా ముందు ఎప్పటిదని అడుగుతాను. పాతదైతే మనిషినే తీసుకురమ్మంటాను.