నాయన తెల్లచొక్కా

నిన్న గంజి పెట్టిన చీర ఇస్త్రీ చేస్తుంటే, ఆ వాసనకు మా ఎమ్మిగనూరు బడి గేటు గుర్తొచ్చింది.

నాలుగో తరగతిలో ఒకరోజు టీచరు, "రేపు మీతో మాట్లాడేదానికి ఒక పెద్దాయన వస్తాండాడు" అని చెప్పింది. పొద్దున్నే నా చేతికి బంతిపూలిచ్చి గేటు దగ్గర నిలబెట్టింది. పెద్దాయన కారులో వస్తాడని నేను రోడ్డు వైపే చూస్తున్నాను.

మా నాయన సైకిలు మీద వచ్చాడు. పెళ్లిళ్లకు దాచుకునే తెల్లచొక్కా గంజి పెట్టి వేసుకున్నాడు. చేతిలో తుండుగుడ్డలో చుట్టిన, మగ్గంలో నూలుతో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఉంది. దాన్ని బాగుచేయించుకోడానికి పోతూ నన్ను చూడ్డానికి ఆగాడనుకున్నాను.

"నువ్వు పో నాయనా, ఈడికి పెద్దాయన వస్తాండాడు."

నాయన నా చేతిలో పూలు చూశాడు.

"అట్లనా పాపా? పోతాలే" అని సైకిలు తిప్పుకున్నాడు.

కాసేపటికి టీచరు బయటికొచ్చి, "మీ నాయన ఇంకా రాలేదా? పిల్లోళ్లు కాచుకోనుండారు" అంది.

సాయంత్రం ఇంటికి పోతే, నాయన ఆ తెల్లచొక్కాతోనే మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు.

"పెద్దాయన బాగా మాట్లాడినాడా పాపా?" అని అడిగాడు.

తల ఊపాను. ఆ పెద్దాయన మా నాయనేనని పొద్దున నాకు తోచనట్టే, ఆయనకూ తోచలేదు.