బోరు నీళ్ల కుండీలు

సాయంత్రం మా అమ్మాయి హాల్లో కూర్చుని గోళ్లరంగు తుడుచుకుంటోంది. ఆ దూది నుంచి ఆసిటోన్ వాసన రాగానే నా చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది. నా ఒళ్లో ఒక విద్యార్థిని రికార్డు పుస్తకం ఉంది. ఆకుల్లోని పచ్చదనం లెక్క తప్పొచ్చిందని ఉదయం ఆ పిల్లని క్లాసులో అందరి ముందూ కడిగేశాను, రికార్డులో ‘మళ్లీ చేయాలి’ అని రాశాను. తీరా మధ్యాహ్నం ల్యాబ్ అలమర సర్దుతూ, సీసా మీద నేను రాసుకున్న కొలత చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆకులు నూరడానికి ఆ పిల్లకిచ్చిన ఆసిటోన్‌లో నీళ్లు ఎక్కువ కలిపింది నేనే. ఎవరికీ చెప్పలేదు. లెక్చరర్‌ని కదా, పరువొకటి ఏడిచింది.

ఆ వాసనతో పాటే అనసూయ మేడం గుర్తొచ్చారు. భీమవరం దగ్గర నేను ఎమ్మెస్సీ చదివిన కాలేజీలో ఆవిడ మాకు మొక్కల శరీరధర్మశాస్త్రం, జీవరసాయనం చెప్పేవారు. నిజం చెప్పాలంటే పాఠం బాగా చెప్పేవారు కాదు. రంగు మారిన నోట్సు చూసి చదువుతుంటే వెనక బెంచీలు హాయిగా కునుకు తీసేవి. ల్యాబ్‌లో మాత్రం వేరే మనిషి. గాజుసామాను అటెండరుకి వదలకుండా తనే కడిగేవారు. మా దగ్గర రబ్బరు కనబడితే లాక్కునేవారు. “తప్పు రాస్తే ఒక్క గీత కొట్టండి. కింద అంకె కనబడాలి. పక్కన సంతకం పెట్టండి,” అనేవారు. అదంతా చాదస్తమని మేము నవ్వుకునేవాళ్లం.

వరి మొక్క ఉప్పు నీళ్లని ఎంతవరకు తట్టుకుంటుందన్నది నా ప్రాజెక్టు. సగం కుండీలకి డ్రమ్ములో పట్టి ఉంచిన కాలువ నీళ్లు, సగానికి అవే నీళ్లలో ఉప్పు కలిపి పోయాలి. తర్వాత ఆకుల్ని ఆసిటోన్‌లో నూరి, ఆ రసాన్ని మెషిన్లో పెట్టి పచ్చదనం కొలవాలి. ఉప్పు తాగిన మొక్క పాలిపోతుంది, మంచినీళ్ల మొక్క పచ్చగా ఉంటుంది. సరిగ్గా ఎండలు ముదిరాక, కాలువలు కట్టేసిన రోజుల్లో నాకు అమ్మవారు పోసింది. అటెండరు అప్పారావు గారికి కుండీలు అప్పజెప్పి ఇంటికి పోయాను. రెండు వారాలు వేపాకుల మీద పడుకుని తిరిగొచ్చి కొలిస్తే, రెండు రకాల కుండీలకీ దాదాపు ఒకే రీడింగు. మళ్లీ విత్తనం వేసే వ్యవధి లేదు. ప్రాజెక్టు పోతే ఏడాది పోతుంది, ఇంకో ఏడాది చదివించే ఓపిక మా నాన్నగారికి లేదు. భయం వేసింది. మంచినీళ్ల కుండీల అంకెలు పెంచి, చక్కగా కుదిరేలా రాసేశాను.

మేడం ఆ పేజీ చూసి పుస్తకం మూశారు. నన్ను కుండీల దగ్గరికి తీసుకెళ్లి ఒక ఆకు వంచి చూపించారు. “కొసలు ఎలా మాడాయో చూడమ్మా. నువ్వు రాసిన అంకె ఈ ఆకుకి ఎలా వస్తుంది?”

ఆవిడ డ్రమ్ములో వేలు ముంచి నాలుకకి రాసుకున్నారు. “బోరు నీళ్లు,” అన్నారు. మా వైపు బోరు నీళ్లు ఎంత ఉప్పన చిన్నపిల్లలకి కూడా తెలుసు. నా తప్పు మీద మూత పెట్టడానికి నాకు మనిషి దొరికాడు.

“అప్పారావు గారే పోసుంటారండి. కాస్తయినా ఆలోచించొద్దా?” అన్నాను.

“ఆయన్నేం అనకు,” అన్నారు మేడం, కొంచెం గట్టిగానే. “నువ్వు రాసినవి కొట్టేసి అసలు అంకెలు రాయి. గీత ఒక్కటే.”

ఏడుస్తూ రాశాను. ఆ ప్రాజెక్టునే పరీక్షకి పెట్టాం.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ పేజీ దగ్గరే ఆగారు. “మంచినీళ్ల కుండీలకి ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?” అని అడిగారు. మేడం కుర్చీలోంచి లేచారు.

“ఆ అమ్మాయి ఊళ్లో లేదండి. డ్రమ్ము ఖాళీ అయితే బోరు నీళ్లు పట్టమని అటెండరుకి చెప్పింది నేను. తప్పు నాదండి.”

ఇరవై ఏళ్లు అదే సబ్జెక్టు చెప్పిన మనిషి, తన విద్యార్థుల ముందు, నిలబడి చెప్పారు. ఎగ్జామినరు పేజీ తిప్పారు. పాసయ్యాను. గొప్ప మార్కులేమీ రాలేదు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగేశాను. “ఆ రోజే నాకు చెప్పొచ్చు కదండీ?”

“సిగ్గేసిందమ్మా,” అన్నారు, కళ్లజోడు తుడుచుకుంటూ. “నీ తప్పు దిద్దుకోమని నీకు చెప్పి, నా తప్పు నేను దాచుకున్నాను. అప్పారావు రోజూ గుడ్ మార్నింగ్ చెబుతుంటే మొహం ఎత్తలేకపోయాను.”

ఆవిడ అంతకుముందు నాకు మంచి మేడం మాత్రమే. ఆ మాట విన్నాక ఆవిడంటే ప్రేమ పుట్టింది. ఇప్పుడు ఆవిడ లేరు. ఆవిడ చెప్పిన పాఠాల్లో సగం నేనూ పాత నోట్సు చూసే చెబుతున్నాను.

“అమ్మా, వాసన పడట్లేదా? కిటికీ తీయనా?” అంది మా అమ్మాయి.

“వద్దులే, ఉండనీ,” అన్నాను.

నీలం పెన్ను తీశాను. నేను రాసిన ‘మళ్లీ చేయాలి’ మీద ఒక్క గీత కొట్టాను, కింద మాట కనబడేలాగే. పక్కన ‘ఆసిటోన్ తప్పు కలిపింది నేను’ అని రాసి సంతకం పెట్టాను. రేపు క్లాసులో లేచి నిలబడి ఇదే చెప్పాలి. ఆ పిల్లని తిట్టింది అందరి ముందే కదా.