ఇరవయ్యో కస్టమర్

పొద్దున్నుంచీ ఒళ్లు మండిపోతోంది. ఏలూరులో కూర్చుని, నా బ్లాగులో లింకు పెట్టి ఒక కంపెనీ వెబ్‌సైట్ ప్యాకేజీలు అమ్మిస్తుంటాను. నెలలో ఇరవై అమ్ముడైతే అన్నింటికీ కమీషన్ రెట్టింపు. నిన్న నెలాఖరుకు పంతొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోది తప్పకుండా కొంటానన్న తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారి ఈ రోజు ఫోన్ చేశాడు.

“ఇప్పుడే కొన్నానండీ. నిన్న అమావాస్య కదండీ, మంచిది కాదని ఆగాను.”

“నా నెల నిన్నటితో అయిపోయిందండీ!”

“ఏవండీ, ఒక్క రోజు ఆగమని మీ కంపెనీకి చెప్పలేకపోయారా?”

కంపెనీకి రాశాను. లెక్క మళ్లీ ఒకటి నుంచేనట. ఆ పంతొమ్మిదింటికి వచ్చే మామూలు కమీషన్ చెక్కు కూడా రెండు నెలల తర్వాతేనట.

ఎవరిని తిట్టాలో మీరే చెప్పండి. ఇప్పుడే క్యాలెండర్ చూశాను. ఈ నెలాఖరు కూడా అమావాస్యే.