త్రయోదశి నాడు ఫిక్స్ చేసిన కణాలు

రాజమండ్రి దానవాయిపేటలో ఉండే జువాలజీ లెక్చరర్ ఉదయ్‌భాస్కర్ గారికి యాభై ఏళ్ళు దగ్గరపడ్డాయి గానీ, పేరు ముందు డాక్టర్ అన్న మాట మాత్రం ఇంకా పడలేదు. స్టాఫ్‌రూములో ఆయన పక్క కుర్చీ మణిదీప్‌ది. ఒకప్పుడు ఆయన దగ్గరే డిగ్రీ చదివి, పీహెచ్‌డీ చేసి, తోటి లెక్చరరై వచ్చాడు. అటెండరు టీ తెచ్చి అతన్ని 'డాక్టర్ గారూ' అంటాడు, ఈయన్ని 'మాస్టారూ' అంటాడు. రెండూ గౌరవమే. అయినా ఆ టీ ఉదయ్‌భాస్కర్‌కి రోజూ చేదుగానే దిగేది. రిటైరయ్యేలోగా ఆ పిలుపు పిలిపించుకోవాలన్నది ఆయన పట్టుదల.

పాఠం మాత్రం గొప్పగా చెబుతారు, కాదనకూడదు. పేగు లోపలి పొరలో ఉండే కణం గురించి మొదలుపెడితే వెనక బెంచీవాళ్ళు కూడా ఫోన్లు పక్కన పెట్టేవారు. "ముందు దానికి పైనా కిందా తెలీదురా. చాపలా పరుచుకుని ఉంటుంది. పక్క కణం తగిలి, రెండూ గట్టిగా పట్టుకున్నాక అప్పుడు లోపల సర్దుడు మొదలవుతుంది. ఆక్టిన్ పోగులు పై అంచు కింద మొలతాడులా చుట్టుకుంటాయి. మైక్రోట్యూబ్యూల్స్, అంటే కణం లోపలి సన్నటి గొట్టాలు, అప్పటిదాకా న్యూక్లియస్ పక్కనించి నాలుగు వైపులా చెదిరి ఉంటాయి కదా, అవి అక్కడ పట్టు వదిలేసి, పై అంచుని పట్టుకుని, పందిరి గుంజల్లా నిలువుగా నిలబడతాయి. కణం లేచి నిలబడుతుందన్నమాట. దీనికి రోజులు పడుతుంది, తొందరపెడితే కాదు." ఏటా ఇదే పాఠం, ఇవే గుంజలు.

ఆయన చేస్తున్న పీహెచ్‌డీ కూడా ఆ గుంజల మీదే. ఒక్క ఫోటో కావాలి: నిలబడ్డ కణాన్ని పక్కనుంచి తీసింది. సన్నటి పొర మీద కణాలు వేసి, ఐదు రోజులు ముట్టుకోకుండా ఉంచి, ఆ తర్వాత ఫార్మాలిన్ పోసి ఫిక్స్ చెయ్యమన్నారు గైడు గారు. ఫిక్స్ చెయ్యడమంటే ఉన్నదున్నట్టుగా చంపడమే.

ఉదయ్‌భాస్కర్ బహుళ దశమి గురువారం మంచి గడియ చూసి కణాలు వేశారు. ఇంక్యుబేటర్ మీద అన్నవరం ప్రసాదం పొట్లం పెడితే చీమలు పట్టాయి. అంతవరకూ ఎవరికీ నష్టం లేదు. ఇంటికొచ్చి కేలెండరు చూస్తే ఐదో రోజు మంగళవారం, పైగా అమావాస్య. బుధవారం పొద్దున్నే మైక్రోస్కోపు బుకింగ్, అది తప్పితే మళ్ళీ మూడు నెలలకి గానీ దొరకదు. వేలు కిందికీ పైకీ జరిపి జరిపి, ఆదివారం త్రయోదశి మీద ఆపారు.

"ఐదు రోజులన్నారు కదండీ మీ గైడుగారు?" అంది భార్య శ్రీసుధ.

"మంచి గడియ దొరికింది. రెండు రోజుల్లో ఏం కొంప మునిగిపోతుంది?"

చంపడానికి కూడా ముహూర్తం పెట్టిన మహానుభావుడు ఆదివారం స్నానం చేసి, విభూతి పెట్టుకుని వెళ్ళి, పది దాటాక ఫార్మాలిన్ పోశారు. ఫోటో వచ్చింది. రంగులు బాగున్నాయని ఆయన మురిసిపోయారు. గైడు గారు డీన్ అయ్యాక ఫోటోలు చూడ్డం మానేశారు, సంతకం పెట్టేశారు.

వైవా రోజున ఎగ్జామినర్‌గా విశాఖపట్నం నుంచి కౌముది గారు వచ్చారు. గోడ మీద ఆ ఫోటో వేయించి చాలాసేపు చూశారు.

"కణాలు ఇంకా పడుకునే ఉన్నాయి కదండీ మాస్టారూ. మైక్రోట్యూబ్యూల్స్ ఒక్కటీ నిలబడలేదు."

ఉదయ్‌భాస్కర్ వెంటనే అందుకున్నారు. "కరెంటు పోయిందండి, ఇంక్యుబేటర్..."

"అలా అయితే చచ్చిపోయేవండి. ఇవి శుభ్రంగా ఉన్నాయి. టైమే చాలలేదు. ఎన్నాళ్ళకి ఫిక్స్ చేశారు?"

"మూడు రోజులకండి. ఐదో రోజు అమావాస్య అయిందండి."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. వెనక వరసలో కూర్చున్న మణిదీప్ తల దించుకున్నాడు. అది చూసి ఆయనకి తల తీసేసినట్టయింది.

కౌముది గారు మెల్లిగా అడిగారు. "మీ క్లాసులో పిల్లలకి ఏమని చెబుతారండీ?"

"రోజులు పడుతుంది, తొందరపెడితే కాదని చెబుతానండి."

"మరి?"

ఉదయ్‌భాస్కర్ గోడ మీది ఫోటో వంక చూశారు. అబద్ధం ఇంకొకటి వెతికారు, దొరకలేదు.

"అది పుస్తకంలోది కదండీ," అన్నారు. "నిజంగా అలాగే జరుగుతుందని నేనెప్పుడూ అనుకోలేదండి."