ఓనరు గారి రాయి

ఆయన ముఖం కంటే గొంతే నాకు బాగా గుర్తు. తొంభైల చివర హూడిలో మేము అద్దెకున్న ఇంటి ఓనరాయన. సంతోషమైనా నొప్పయినా మేడ మీద నిలబడి వీధికంతా చెప్పేవాడు.

ఒక ఎండాకాలం ఆయన మూత్రనాళంలో రాయి ఇరుక్కుంది. నడుము పట్టుకొని మెలికలు తిరుగుతూనే, "కందిగింజంత ఉండాదంటప్పా!" అని పాలాయనకు వేలితో కొలత చూపించాడు. కిడ్నీ వాస్తోందనీ, రాయి దానంతటది పడకపోతే సోమవారం ఆపరేషన్ తప్పదనీ డాక్టరు చెప్పాడు. ఆ మాటతో ఆయన గొంతు మూగబోయింది. వీధికి దిగులు పట్టుకుంది.

సోమవారం పొద్దున ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆటో ఇంటిముందుకొచ్చి నిలబడింది. అప్పుడే బాత్రూములోంచి గావుకేక! అందరం పరుగెత్తాం. డాక్టరు మూత్రం వడగట్టి చూడమన్నందుకు తీసుకున్న టీ జాలీని పైకెత్తి, ఆయన గంతులేస్తూ బయటికొచ్చాడు.

"పడిందప్పా, పడింది!"

జాలీలో గోధుమరంగు ముక్క ఒకటి మెరుస్తోంది. ఆయన భార్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇంతదానికా అన్ని కేకలు?"

"కన్నోళ్ళకే తెలుస్తాదే ఆ నొప్పి!"

ముగ్గురు పిల్లల్ని కన్న ఆవిడతోనా ఆ మాట! మేమంతా పడీపడీ నవ్వాం. ఆవిడ చీపురు అందుకునేలోగా ఆయన ఆటోలో దూరాడు.

"పోనీయప్పా, యాడికైనా పోనీ!"